పైరును పైకి లాగిన తండ్రి

చిట్టితల్లీ,

చైనీస్ తరగతిలో ‘యా మియావో జూ జాంగ్’ అనే నాలుగక్షరాల జాతీయం నేర్పారని, మొలకలను పైకి లాగి ఎదగడానికి సాయపడటమని దానికి అర్థమని మొన్న ఫోనులో చెప్పావు. తాతయ్య కూడా నారు పీకించేవారు కదా, అందులో తప్పేముందని అడిగావు. అప్పుడు జవాబు తోచలేదు. తర్వాత ఆ కథ వెతికి చదివాను.

క్రీ.పూ. 4వ శతాబ్దపు తత్వవేత్త మెన్షియస్ చెప్పిన కథ అది. సోంగ్ రాజ్యంలో, అంటే ఇప్పటి హెనాన్ ప్రాంతంలో, ఒక రైతు పైరు ఎదగడం లేదని బెంగపడి ఒక్కో మొలకనూ కాస్త పైకి లాగాడు. ఇంటికొచ్చి, “ఈరోజు బాగా అలసిపోయాను, పైరు ఎదగడానికి సాయం చేశాను” అన్నాడు. కొడుకు పరుగున వెళ్లి చూశాడు. మొలకలన్నీ వాడిపోయి ఉన్నాయి.

తాతయ్య నారుమడిలో పీకించిన నారును దమ్ము చేసిన పొలంలో మళ్లీ నాటించేవారు. వేళ్లకు కొత్త బురద దొరికేది. ఈ రైతు పీకి నాటలేదు, ఉన్నచోటే లాగి వదిలేశాడు. వేరు మట్టి పట్టు తప్పింది, పైకి మాత్రం మొలక పొడవైనట్టు కనిపించింది. ఉత్తర చైనాలో ఆనాడు కొర్రలే ప్రధాన పంట. వాటికి నాట్లు ఉండవు, విత్తడమే.

ఒకసారి కుందేలు చెట్టు మొద్దుకు గుద్దుకుని చచ్చిందని, పని మానేసి అక్కడే ఇంకో కుందేలు కోసం కాచుకు కూర్చున్న రైతు కథ కూడా సోంగ్‌దే. అంతకుముందు చైనాను ఏలి, జౌ వంశం చేతిలో ఓడిపోయిన షాంగ్ రాజవంశం వారసుల రాజ్యమది. ఓడినవాళ్లకే తెలివితక్కువతనం అంటగట్టడం నాకు బాధ కలిగించింది.

మనసులో ధైర్యాన్ని ఎలా పెంచుకోవాలో శిష్యుడు గోంగ్‌సున్ చౌకు వివరిస్తూ మెన్షియస్ ఈ కథ చెప్పాడు. దాన్ని మరచిపోకూడదు, బలవంతంగా పెంచకూడదు అన్నాడు. కలుపు తీయకుండా వదిలేసేవాళ్లూ ఉన్నారన్నాడు. అయితే పైరును లాగనివాళ్లు లోకంలో అరుదు అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను.

నువ్వు ఆరో తరగతిలో ఉండగానే ఐఐటీ కోచింగ్‌లో చేర్పించాను. తెల్లవారుజామున 5 గంటలకు లేపేదాన్ని. నీ బొమ్మల పుస్తకం అటకెక్కించింది నేనే. రాత్రి నాన్నతో, “అమ్మాయి చదువు చూసి చూసి అలసిపోయాను” అనేదాన్ని. దాదాపు ఆ రైతు మాటలే. నన్ను క్షమించు తల్లీ.

ఆదివారం ఆ పుస్తకం కిందికి దించి దుమ్ము దులిపాను. చివర్లో కాగితాలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. పంపించమంటావా, సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకెళతావా?

ప్రేమతో,
అమ్మ