మా తమ్ముడు ఉద్యోగా, కాదా? అమెరికా కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. రెజ్లింగ్ కంపెనీలో ఆడే మా తమ్ముడు ఉద్యోగా కాదా తేల్చమని ఇంతకుముందు మూడు అర్జీలు ఇంగ్లీషులో పెట్టాను. మొదటిదానికి అందిందని ఒక మెయిల్ వచ్చింది. రెండోదానికి వేరే చోట అడగమన్నారు. మూడోదానికి ఏమీ రాలేదు. ఇంగ్లీషులో రాసినప్పుడల్లా కోపం కనబడకుండా, పద్ధతిగా రాశాను. ఈసారి మా అమ్మతో మాట్లాడే భాషలోనే రాస్తున్నాను. మీ దగ్గర అనువదించేవాళ్ళు ఉంటారు. మావాళ్ళు కూడా ఇది చదవాలి. తమ్ముడు ప్రొఫెషనల్ రెజ్లర్ అనగానే "అబ్బో, బాగా డబ్బులొస్తాయా?" అని అడిగేది వాళ్ళే.

ఆ డబ్బుల సంగతే చెబుతాను. వాడి ట్యాక్స్ కాగితాలు ప్రతి ఏప్రిల్‌లో నేనే చూస్తాను. ఏడాది పొడుగునా రసీదులన్నీ ఒక చెప్పుల పెట్టెలో పడేసి, ఒక ఆదివారం తెచ్చి నా ముందు పెడతాడు. పెట్రోలు రసీదులు, మోకాలి పట్టీలు, మోటెల్ బిల్లులు. 2024లో ఒక శనివారం ఒహాయోలోని మా కొలంబస్ నుంచి టెనెసీలోని నాష్‌విల్‌కి ఆటకు వెళ్ళొచ్చాడు. రానూపోనూ 760 మైళ్ళు. ఆ రాత్రి కవర్లో పెట్టి వాడి చేతికిచ్చింది 75 డాలర్లు. ఆ ఏడాది కారు ఖర్చు మైలుకు 67 సెంట్లని ప్రభుత్వమే లెక్క కట్టింది. ఆ లెక్కన వాడి ప్రయాణానికే 509 డాలర్లు అయింది. నేను లెక్క తప్పు చేశానేమోనని మళ్ళీ లెక్కేశాను. తప్పు లేదు.

పోనీ, ప్రయాణం సంగతి పక్కన పెట్టండి. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా హాల్లో ఉండాలి. ట్రక్కులోంచి ఇనుప దూలాలు దింపాలి, వాటి మీద చెక్క బల్లలు పరచాలి, పైన పల్చటి ఫోమ్, దాని మీద కాన్వాస్ లాగి కట్టాలి. తాళ్ళు బిగించాలి. కుర్చీలు వేయాలి. వాడి ఆట పన్నెండు నిమిషాలు. అది అయ్యాక జనం వెళ్ళేదాకా ఉండి మళ్ళీ అన్నీ విప్పి ట్రక్కెక్కించాలి. బయటపడేసరికి అర్ధరాత్రి. పదకొండు గంటలకు 75 డాలర్లంటే గంటకు ఏడు డాలర్లు కూడా పడలేదు. 2009 నుంచి కదలకుండా ఉన్న 7.25 డాలర్ల ఫెడరల్ కనీస వేతనం కూడా మా వాడికి దక్కలేదు మంత్రి గారూ. ఎందుకంటే కాగితం మీద వాడు ఉద్యోగి కాదు, ఇండిపెండెంట్ కాంట్రాక్టర్, అంటే సొంతంగా పని ఒప్పుకునే మనిషి.

ఆ కాగితం నా దగ్గరుంది. పద్నాలుగు పేజీలు. మూడో పేజీలో వాడు స్వతంత్రుడని రాసుంది. ఐదో పేజీలో, రాతపూర్వకంగా అనుమతి లేకుండా ఇంకో కంపెనీ రింగులో అడుగు పెట్టకూడదని ఉంది. ఆరో పేజీలో, వాడి రింగు పేరు, దుస్తులు, ముఖానికి వేసుకునే రంగు, చివరికి రింగులోకి వచ్చేటప్పుడు వాడు అరిచే మాట కూడా ఎప్పటికీ కంపెనీవేనని ఉంది. ఆ పేరు వాడు పెట్టుకున్నదే. మా తాతయ్య ముద్దుపేరులోంచి తీసుకున్నాడు. ఇప్పుడు ఆ పేరుతో ఒక టీ షర్టు అచ్చువేసి అమ్ముకోవాలన్నా అడగాలి. తొమ్మిదో పేజీ ప్రకారం కంపెనీ ఎప్పుడైనా ముప్పై రోజుల నోటీసుతో వాణ్ణి పంపించేయొచ్చు. వాడు మాత్రం మూడేళ్ళ దాకా మానుకోవడానికి వీల్లేదు. పదకొండో పేజీలో, దెబ్బ తగిలితే, అది కంపెనీ నిర్లక్ష్యం వల్ల తగిలినా సరే, దావా వేయనని ఉంది. ఆ పేజీ అడుగున తమ్ముడి పొడి అక్షరాలున్నాయి. అప్పటికి వాడికి ఇరవై రెండేళ్ళు.

ఏ రోజు ఎక్కడికి రావాలో కంపెనీ చెబుతుంది. ఏం వేసుకోవాలో, ఎవరి చేతిలో ఓడిపోవాలో, ఏ నిమిషంలో పడిపోవాలో కూడా కంపెనీయే చెబుతుంది. ఇన్ని చెప్పేవాళ్ళు యజమాని కాకపోతే ఇంకెవరు?

"అదంతా ఉత్తుత్తి కొట్లాటే కదా" అంటారు చాలామంది. ఎవరు గెలుస్తారో ముందే తెలుసు, నిజమే. కానీ పడే ఒళ్ళు నిజం. కింద ఉన్నది చెక్క, ఇనుము. పోయిన అక్టోబరులో పై తాడు మీదనుంచి దూకినప్పుడు కింద ఒక బల్ల కుదురుగా లేక కదిలింది. ఎడమ భుజం కీలు తప్పింది. నేను వెళ్ళేసరికి సామాన్ల గదిలో నేల మీద కూర్చుని, కుడి చేత్తో ఎడమ మోచెయ్యి పట్టుకుని ఉన్నాడు. ముఖం మీద రంగు చెమటకు కారి మెడ దాకా వచ్చింది. నన్ను చూసి మొదట అన్నమాట ఏంటో తెలుసా? "అక్కా, అంబులెన్స్ పిలవకు, బిల్లు వేస్తారు." నా కారులోనే తీసుకెళ్ళాను. ఎమర్జెన్సీ బిల్లు 6,840 డాలర్లు. కంపెనీని అడిగితే పదకొండో పేజీ ఫోటో తీసి పంపారు. ఉద్యోగి అయితే వర్కర్స్ కాంపెన్సేషన్, అంటే పనిలో దెబ్బ తగిలితే ఇచ్చే పరిహారం, ఉండేది. అది రాష్ట్రాలు చూసుకునేదని నాకు తెలుసు. కానీ అక్కడికి వెళ్ళినా మొదటి ప్రశ్న అదే కదా, నువ్వు ఉద్యోగివా కాదా అని.

ఈ రోగం చిన్న కంపెనీలు కనిపెట్టింది కాదు. పెద్దవాళ్ళను చూసి నేర్చుకున్నారు. రెజ్లింగ్‌లో అతి పెద్ద కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ తన రెజ్లర్లను దశాబ్దాలుగా ఇండిపెండెంట్ కాంట్రాక్టర్లనే అంటోంది. 2008లో రేవెన్, కన్యన్, మైక్ శాండర్స్ అనే ముగ్గురు మాజీ రెజ్లర్లు కనెక్టికట్‌లో కోర్టుకెక్కారు, మేము నిజానికి ఉద్యోగులమే అని. మరుసటి ఏడాదే కేసు కొట్టేశారు. వాళ్ళు ఉద్యోగులా కాదా అన్న అసలు ప్రశ్న విచారణ దాకా రానే లేదు. దాన్ని తేల్చమనే నేను మిమ్మల్ని అడుగుతున్నది.

యూనియన్ పెట్టుకోవచ్చు కదా అనకండి. కాంట్రాక్టర్లకు జాతీయ కార్మిక సంబంధాల చట్టం రక్షణే లేదు. 1986లో జెస్సీ వెంచురా అనే రెజ్లర్ తోటివాళ్ళను కూడగట్టాలని చూస్తే ఆ మాట నేరుగా యజమాని చెవిన పడింది. ఆ మనిషి తర్వాత మిన్నెసోటా గవర్నర్ అయ్యాడు గానీ రెజ్లర్లకు యూనియన్ మాత్రం ఈ రోజుకీ రాలేదు. 2020లో రెజ్లర్లు బయటి సైట్లలో సొంతంగా సంపాదించుకోకూడదని డబ్ల్యూడబ్ల్యూఈ అనడంతో గొడవ నడుస్తున్నప్పుడు, నవంబరు 13న ఆ కంపెనీ రెజ్లర్ జెలీనా వేగా యూనియన్‌ను సమర్థిస్తున్నానని ట్విటర్‌లో రాసింది. ఆ రోజే ఆమె కాంట్రాక్టు రద్దయింది. టీవీలో కనబడే మనిషి పరిస్థితే అది. నెలకు నాలుగు శనివారాలు హైస్కూలు జిమ్‌లలో ఆడే మా వాడు నోరు తెరుస్తాడా?

డబ్బు లేదంటారా? డబ్ల్యూడబ్ల్యూఈ వారానికొకసారి చూపించే 'రా' షోకు, అమెరికా బయట దాని మిగతా షోలకు కలిపి నెట్‌ఫ్లిక్స్ పదేళ్ళకు 500 కోట్ల డాలర్లు ఒప్పుకున్నది 2024లోనే. ఆ వెలుగులోకి ఎప్పటికైనా వెళ్తామన్న ఆశతోనే కింద ఉన్నవాళ్ళంతా ఈ చాకిరీ చేస్తున్నారు. ఆ ఆశను చూపించే కింది కంపెనీలు వీళ్ళ చేత బల్లలు మోయిస్తున్నాయి.

మీ శాఖ 2024 మార్చిలో కొత్త నిబంధన తెచ్చింది. ఎవరు ఉద్యోగో తేల్చడానికి ఆరు విషయాలు చూడాలంది. నేను ఆ ఆరూ ప్రింటు తీసి, కాంట్రాక్టు పక్కన పెట్టుకుని, పెన్సిల్‌తో గీసుకుంటూ చదివాను. నాకు లాయరు చదువు లేదు. అయినా పని మీద అదుపు ఎవరిదో తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు. చాలా రోజుల తర్వాత మాకొక దారి దొరికిందని సంబరపడ్డాను. 2025 మేలో, ఇక నుంచి తనిఖీల్లో ఆ నిబంధనను వాడబోమని మీ శాఖే ప్రకటించింది. దయచేసి చెప్పండి, మరి దేన్ని వాడతారు? పాత పద్ధతే అయినా సరే, దానితోనైనా ఒక్కసారి చూడండి. ఒక్క కంపెనీని చూడండి. ఒక్క కాంట్రాక్టు మొత్తం, పద్నాలుగు పేజీలూ చదివించండి.

వాణ్ణి స్వతంత్రుడు అంటే నిజంగా స్వతంత్రుడిగా వదిలేయమనండి. వాడి పేరు వాడికిచ్చేయమనండి, ఎక్కడ కావాలంటే అక్కడ ఆడనివ్వమనండి. కాదు, మా మనిషే అంటే ఉద్యోగి అనమనండి, గంటకు ఇవ్వాల్సింది ఇవ్వమనండి, దెబ్బ తగిలితే చూసుకోమనండి. ఉద్యోగికి ఉండాల్సిన హక్కులూ లేవు, కాంట్రాక్టరుకు ఉండాల్సిన స్వేచ్ఛా లేదు. రెండిటికీ చెడ్డ రేవడి బతుకు అయింది మా వాడిది. మీరు ఏదో ఒకటి తేల్చండి, అంతే నేను అడిగేది.

వాడు మానేస్తే సరిపోతుంది కదా అని మా అమ్మే అంటుంది. పదేళ్ళప్పటి నుంచి మంచం మీది పరుపు నేల మీద పడేసి దానిపైకి దూకినవాడు. ఆరువందల మంది ఒక్కసారిగా వాడి పేరు అరిచినప్పుడు వాడి ముఖం నేను చూశాను. అందుకే మానెయ్యమని నా నోటితో అనలేకపోతున్నాను.

భుజం ఇంకా పూర్తిగా పైకి లేవడం లేదు. కంపెనీ వాళ్ళు మరో మూడేళ్ళకు కొత్త కాంట్రాక్టు పంపారు. పాతదే, తేదీలు మాత్రమే మార్చారు. ఈ నెలాఖరులోపు సంతకం చేసి పంపాలట. ఆ కాగితం మా వంటింటి బల్ల మీదుంది. తమ్ముడు రోజూ దాని పక్కనే కూర్చుని అన్నం తింటున్నాడు, సంతకం పెట్టమంటావా అక్కా అని అడుగుతున్నాడు. నాకు జవాబు తెలియడం లేదు. మీ జవాబు నెలాఖరుకు ముందే రావాలని చేతులు జోడించి వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక రెజ్లర్ అక్క
కొలంబస్, ఒహాయో