తల పగిలిన గాయంలో స్పిరిట్ పోయకండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. నేను క్యాజువాల్టీలో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. బైకు మీంచి పడి తల పగిలినవాళ్లను తెచ్చినప్పుడు, చుట్టిన తువ్వాలు విప్పితే స్పిరిట్ వాసన గుప్పున కొట్టేది. కొందరికి జుట్టంతా టించర్ అయోడిన్ మరకలు, ఇంకొందరికి గాయం నిండా కాఫీపొడి. అవి పోసినవాళ్లను తప్పుపట్టలేను. కారుతున్న నెత్తురు చూడలేక, చీము పట్టకూడదని, చేతికందింది పోశారు.

మోచేయి గీరుకుపోతే మందు రాసి ఊరుకోవచ్చు. పుర్రె చిట్లి మెదడు బయటపడితే అలా కుదరదు. చర్మానికి పైన గట్టి పొర ఉంది, మెదడుకు ఆ రక్షణ లేదు. క్రిములను చంపే స్పిరిట్ నాడీకణాలనూ చంపుతుంది, పోయిన నాడీకణాల చోట కొత్తవి దాదాపుగా రావు. గాయాలు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో మరో ముప్పు. నెత్తురు తగలగానే నురగలా పొంగేది ఆక్సిజన్. మామూలు 3 శాతం ద్రావణం నుంచి దాని పరిమాణానికి దాదాపు 10 రెట్లు వాయువు వస్తుంది. అది పుర్రెలో చిక్కుకుంటే మెదడును నొక్కుతుంది, రక్తనాళంలోకి పోతే ప్రాణమే పోవచ్చు. ఆపరేషన్‌కు ముందు చర్మానికి పోవిడోన్ అయోడిన్ పూసే సర్జన్లు కూడా మెదడు దగ్గరికి వచ్చేసరికి సెలైన్‌తోనే కడుగుతారు.

ఇది కొత్త సంగతేమీ కాదు. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అంతకుముందు, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, ఫ్రాన్స్‌లోని బులోన్‌లో సైనికుల గాయాలను పరీక్షించారు. లోతైన గాయాల మూలల్లో దాక్కున్న క్రిముల దాకా యాంటీసెప్టిక్‌లు (క్రిములను చంపే మందులు) చేరడం లేదని, వాటితో పోరాడే తెల్లరక్తకణాలనే చంపుతున్నాయని అప్పుడే తేల్చారు.

చెవిలోంచి నెత్తురో నీళ్లలాంటి ద్రవమో కారితే దూది కుక్కడం, మందు చుక్కలు వేయడం కూడా చూశాను. పుర్రె అడుగు ఎముక చిట్లితే మెదడు చుట్టూ ఉండే ద్రవమే అలా కారుతుంది. దాన్ని ఆపకూడదు, చెవిలో ఏమీ పోయకూడదు. క్లోర్‌హెక్సిడిన్ లాంటి క్రిములను చంపే మందు కర్ణభేరి దాటి లోపలికి వెళితే శాశ్వతంగా చెవుడు రావచ్చు.

రోడ్డు మీద సాయపడినవాళ్లను కేసుల్లో ఇరికించకుండా 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఎ సెక్షన్ చేర్చారు. చాలా మంచి పని. కానీ సాయపడేవాడికి చేతుల్లో ఏం ఉండాలో, ఏం ఉండకూడదో ఎవరూ నేర్పడం లేదు. లెర్నర్స్ లైసెన్సు పరీక్షలో దీని మీద ఒక ప్రశ్న తప్పకుండా పెట్టాలని రవాణా శాఖను కోరుతున్నాను. పెట్రోలు బంకుల్లో, ఆర్టీసీ బస్సుల్లో ఉండే ఫస్ట్ ఎయిడ్ పెట్టెల మూత మీద పెద్ద తెలుగు అక్షరాల్లో ఇలా రాయించాలి: "తల పగిలితే ఏ మందూ పోయకండి. గుచ్చుకున్నది లాగకండి. లోపలికి నొక్కకండి. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి, మెడ కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయండి."

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
ఒంగోలు