క్లారా షూమన్‌కు ఒక్క ముక్కేనా?

సంపాదకులకు,

ఆదివారం పిల్లల పేజీలో పాశ్చాత్య స్వరకర్తల పరిచయం బాగుంది. కానీ అందరూ మగవాళ్లే. క్లారా షూమన్‌ను స్వరకర్త రాబర్ట్ షూమన్ భార్యగా ఒక్క ముక్కలో తేల్చేశారు. పిల్లలకు పియానో నేర్పేదాన్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

1819లో లైప్‌జిగ్‌లో పుట్టిన క్లారా, తాను రాసిన పియానో కాన్సెర్టోను (పియానో, వాద్యబృందం కలిసి వాయించే రచన) 16 ఏళ్లకే వాయించింది. ఆ రోజు ఆర్కెస్ట్రాను నడిపింది ప్రసిద్ధ స్వరకర్త మెండెల్‌సన్! తండ్రి ఒప్పుకోకపోతే కోర్టుకెక్కి మరీ 1840లో రాబర్ట్‌ను పెళ్లి చేసుకుంది. ఎనిమిది మందిని కన్నది. 1856లో భర్త పోయాక కచేరీల సంపాదనతోనే సంసారం ఈదింది. అంత టెన్షన్‌లో సాధన ఎప్పుడు చేసేదో!

ఆడది స్వరరచన చేయాలని కోరుకోకూడదని 1839లో డైరీలో రాసుకుంది. అయినా 1846లో జి మైనర్ పియానో ట్రియో (పియానో, వయొలిన్, చెల్లో కలిసి వాయించే రచన) రాసింది. నా మటుకు నాకు ఆమె రచనల్లో అదే మిన్న. భర్త పోయాక మాత్రం రాయడం దాదాపు మానేసింది.

యూరో వచ్చేదాకా జర్మనీ 100 మార్కుల నోటు మీద ఆమె బొమ్మే ఉండేది. వచ్చే వారమైనా ఆమెకు విడిగా నాలుగు పేరాలు కేటాయించండి. ఫోటోతో సహా.

– ఒక పియానో టీచర్, విశాఖపట్నం