మేఘన దాటించినవారి మాట ఏది?

సంపాదకులకు నమస్కారం.

1971 బంగ్లాదేశ్ యుద్ధం ముగిసిన రోజని ఏటా డిసెంబరు 16న పత్రికలన్నీ ఒకే ఫొటో వేస్తాయి. ఢాకా రేస్‌కోర్సు మైదానంలో పాకిస్థాన్ జనరల్ నియాజీ లొంగుబాటు పత్రంపై సంతకం పెడుతుంటాడు, పక్కన మన జనరల్ అరోరా కూర్చుని ఉంటారు. ఆ ఫొటో వేయవద్దని నేననను. కానీ మన సైన్యం ఆ బల్ల దాకా ఎలా చేరిందో చెప్పే నాలుగు వాక్యాలైనా దాని కింద కనిపించవు. ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పినవాడిగా నాకిది బాధగా ఉంది.

తూర్పు నుంచి వస్తున్న మన నాలుగో కోర్‌కూ (అదొక పెద్ద సైనిక విభాగం) ఢాకాకూ మధ్య మేఘన నది అడ్డం. ఆశుగంజ్ దగ్గరి రైలు వంతెనను పాకిస్థాన్ సైన్యం వెనక్కి తగ్గుతూ పేల్చేసింది. మరో వంతెన కట్టుకునే వ్యవధి లేదు. హెలికాప్టర్లలో నది దాటిద్దామని కోర్ కమాండర్ సగత్ సింగ్ నిశ్చయించారు. ఆయన తెగువ గురించి అడపాదడపా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఆ పనిని గాలిలో నడిపించిన గ్రూప్ కెప్టెన్ చందన్ సింగ్ పేరు మాత్రం మన పిల్లల్లో ఎంతమంది విన్నారు?

అప్పుడాయన అస్సాంలోని జోర్హాట్ వైమానిక స్థావరానికి అధికారి. చేతిలో ఉన్నవి కొద్దిపాటి ఎంఐ-4 హెలికాప్టర్లు. అవి మనుషుల్నీ సరుకునూ మోసేవి. పెద్ద వేగం లేదు. నేలకు దిగే ఆ కాసేపూ తుపాకీ పట్టిన ఏ సిపాయికైనా గురికి దొరికిపోతాయి. అలాంటి వాటితో, చాలావరకు రాత్రిపూట, శత్రువు మాటువేసిన చోట్లకు దగ్గర్లోనే దాదాపు 3,000 మంది సైనికులనూ, 40 టన్నుల సామగ్రినీ, ఫిరంగులనూ దింపారు.

ఆ స్థాయి అధికారి పటం ముందు కూర్చుని ఆదేశాలిస్తే తప్పుపట్టేవారెవరూ ఉండరు. ఆయన అలా కూర్చోలేదు. ప్రతి దఫా ముందుగా తానే వెళ్లి, కాల్పుల మధ్య చోటు చూసి వచ్చారు. మేఘన దాటించడానికి ముందు, ఈశాన్యాన ఉన్న సిల్హెట్ పట్టణం దగ్గర గూర్ఖా దళాలను దింపుతున్నప్పుడు, డిసెంబరు 7 రాత్రి తెల్లవారేలోగా ఎనిమిదిసార్లు శత్రుభూభాగంలోకి ఎగిరారు. కింది నుంచి తూటాలు ఎదుర్కొంటున్న తన పైలట్లకు దారి చూపడానికి, ధైర్యం చెప్పడానికి. మొత్తం 18 సార్లు వెళ్లారు. హెలికాప్టర్‌కు తూటాలు తగిలినా మళ్లీ ఎక్కారు. అధికారి పంపితే వెళ్లడం వేరు, అధికారే ముందుంటే వెనక రావడం వేరు. ఆ కుర్ర పైలట్లకు ఆ రాత్రి రెండోదే దక్కింది. ప్రభుత్వం ఆయనకు యుద్ధంలో శౌర్యానికిచ్చే మహావీరచక్ర పతకం ఇచ్చింది. 2020లో ఆయన కన్నుమూశారు.

పాఠ్యపుస్తకాలు తయారుచేసేవారికి నా మనవి ఒకటే. 1971 యుద్ధం పాఠంలో మేఘన దాటిన ఘట్టానికి ఒక పేజీ ఇవ్వండి. పటంలో ఆ నదిని చూపించండి, చందన్ సింగ్ పేరు రాయండి.

సంపాదకులుగా మీకు మరో విన్నపం. ఆనాడు పాతికేళ్ల వయసులో హెలికాప్టర్ నడిపినవారికి, రాత్రికి రాత్రే దాన్ని బాగుచేసి మళ్లీ ఎగరేయించిన టెక్నీషియన్లకు ఇప్పుడు ఎనభై ఏళ్లు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అలాంటివారు ఉంటే వెతికి, మీ విలేకరిని పంపించండి. వచ్చే డిసెంబరు 16న ఆ ఫొటో పక్కన వారి మాటలు అచ్చువేయండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు