హెడ్‌సెట్ తగిలిస్తే సరిపోతుందా?

సంపాదకులకు,

ఆటిజం ఉన్న పిల్లలకు వర్చువల్ రియాలిటీ (కంప్యూటర్ దృశ్యాలను నిజంగా ఎదురుగా ఉన్నట్టే చూపించే పద్ధతి) పాఠాలంటూ మా ఊళ్లో ఒక థెరపీ సెంటర్ వాళ్లు ప్యాకేజీలు అమ్ముతున్నారు. ఎనిమిదేళ్ల మా అబ్బాయికి ఆ దృశ్యాలు చూపే, కళ్లకు తొడిగే హెడ్‌సెట్ పెట్టబోతే, పట్టీ తలకు తగలగానే లాగి పారేశాడు. చొక్కా కాలర్ లేబులే ఓర్చుకోలేనివాడు అంత బరువు మొహం మీద ఎలా మోస్తాడు? తన హెడ్‌సెట్లు పదేళ్లలోపు పిల్లలకు వద్దని మెటా సంస్థే చెబుతోంది. సెంటర్లో మాత్రం ఆ ముక్క ఎవరూ అనలేదు.

అలాగని ఈ టెక్నాలజీని తీసిపారేయలేం. బ్రిటన్‌లో న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వాళ్లు ‘బ్లూ రూమ్’ అనే గదిలో, హెడ్‌సెట్ లేకుండా గోడల మీదే దృశ్యాలు చూపించారు. కుక్కలన్నా, బస్సులన్నా హడలిపోయే పిల్లల పక్కనే థెరపిస్టు ఉండి, బిడ్డ తట్టుకున్న మేరకే దృశ్యం తీవ్రత పెంచుతారు. 20 నిమిషాల చొప్పున నాలుగు విడతలు. 2019లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, 8–14 ఏళ్ల 32 మందితో చేసిన ఈ ప్రయోగంలో ఆరు నెలల తర్వాత దాదాపు 45 శాతం మంది ఆ భయం నుంచి బయటపడ్డారు. సగానికి పైగా బయటపడలేదు కూడా!

మన పిల్లలకు కావాల్సిన దృశ్యాలు వేరు: కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు, సెలూన్లో ట్రిమ్మర్ చప్పుడు, స్కూల్లో మధ్యాహ్న భోజనం క్యూ. మేధో వైకల్యం ఉన్నవారి కోసం సికింద్రాబాద్‌లో ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ వీటిని తెలుగులో తయారుచేయించి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల టీచర్లకు శిక్షణ ఇప్పించాలి. ప్రైవేటు సెంటర్లు హెడ్‌సెట్ వయసు పరిమితిని గోడమీద రాసి పెట్టేలా అధికారులు చూడాలి.

– ఒక తల్లి, హనుమకొండ