కత్తిచేప వేటలో మీట పని కొంతే

సంపాదకులకు,

ఫ్లోరిడా తీరంలో పట్టపగలు సొంత బోట్ల మీద సాగే కత్తిచేపల (స్వోర్డ్‌ఫిష్) వేట గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. ఫొటోలు బావున్నాయి. దారాన్ని మోటారుతో చుట్టే ఎలక్ట్రిక్ రీలు వచ్చాక ఇదంతా మీట నొక్కే పనైపోయిందన్న మాట దగ్గరే మాకు పేచీ. రీలు దారం చుడుతుంది, అంతే. ఎర ఆ చేప కంటి ముందుకు చేరడం, గాలానికి పడిన చేప ఊడిపోకుండా ఉండడం చుక్కాని పట్టినవాడి చేతిలో ఉంటాయి.

పగలు ఈ చేప లోతున నిద్రపోతుందని కూడా రాశారు. నిద్ర కాదు. రాత్రి స్క్విడ్ల వెంట పైకి వచ్చి, తెల్లవారగానే వాటితో పాటే దిగిపోతుంది. ఇస్లమొరాడా, మయామీలకు ఎదురుగా 1,500 నుంచి 2,000 అడుగుల నీళ్లలో, దాదాపు నేలనంటి తిరుగుతుంది. దాని కంటి కండరాల్లో ఒకటి వేడి పుట్టించే అవయవంగా మారింది. అంత చల్లటి నీళ్లలోనూ కళ్లు, మెదడు వెచ్చగా ఉండి చురుగ్గా వేటాడగలదు. ఫ్లోరిడా దక్షిణ కొసన ఉన్న ద్వీపాల వరుస కీస్‌లో రిచర్డ్ స్టాంజిక్, విక్ గాస్పెనీ వంటి వేటగాళ్లు 2000ల మొదట్లో పగటి వేటను నిలబెట్టింది ఈ లోతుల్లోనే.

అక్కడ అసలు చిక్కు గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహం. రెండు నుంచి నాలుగు నాట్ల (గంటకు సుమారు నాలుగు నుంచి ఏడు కిలోమీటర్ల) వేగంతో ఉత్తరానికి లాగుతుంది. బోటును వదిలేస్తే పైనున్న నీరు దాన్ని ఒక వేగంతో, అడుగు నీరు ఎరను మరో వేగంతో మోసుకుపోతాయి. దారం బొజ్జలా వంగుతుంది. రీలు 2,000 అడుగులు చూపిస్తున్నా ఎర నేలకు ఎంతో ఎత్తున వేలాడుతూ ఉంటుంది. కాబట్టి బోటు ముక్కు దక్షిణానికి పెట్టి, ఇంజన్ గేరు వేస్తూ తీస్తూ, దారం నిటారుగా దిగేలా ప్రవాహానికి ఎదురు నిలవాలి. జంట ఇంజన్లుంటే ఒక్కదానితో సరిపెట్టుకోవచ్చు. రోజంతా చేయాల్సిన పని ఇదే, విసుగు పుట్టించేదీ ఇదే.

సరంజామా సంగతి. 65 లేదా 80 పౌండ్ల లాగుడు తట్టుకునే బ్రెయిడ్ (అల్లిన) దారం రీలు నిండా ఉండాలి. దాని చివర 100 నుంచి 150 అడుగుల పొడవున మందపాటి తంగూసు (లీడరు), అది బ్రెయిడ్‌తో కలిసేచోటికి దగ్గరగా, ఎరను కిందికి దింపే సీసపు బరువును తగిలించే ఉచ్చు. లీడరు చివర దారం పురి పడకుండా తిరిగే బాల్ బేరింగ్ స్వివెల్, ఆరేడు అడుగుల పొట్టి లీడరు, 10/0 సైజు పెద్ద గాలం. గాలానికి కాస్త పైన లోతు నీళ్లలో మెరిసే చిన్న లైటు. ఎర స్క్విడ్ అయితే తలను మొండేనికి మైనపు దారంతో కుట్టాలి. కత్తిచేప ముందు కత్తిలాంటి ముక్కుతో కొడుతుంది, తర్వాతే తింటుంది. కుట్టని ఎర మొదటి దెబ్బకే చీలిపోతుంది. బొనిటో చేప పొట్ట ముక్క అయితే రెండు అంచులూ సమంగా కోసి, బోటు పక్కన నీళ్లలో లాగి చూడాలి. గిరగిరా తిరిగితే అక్కడే మార్చేయండి, కిందికి వెళ్లాక లీడరంతా పురి పడిపోతుంది.

సీసం బదులు చవగ్గా సిమెంటు దిమ్మ చాలని వ్యాసంలో ఒక వాక్యం ఉంది. చాలదు. 10 పౌండ్ల సీసం ఉప్పునీళ్లలో 9 పౌండ్ల పైచిలుకు తూగుతుంది, అంతే బరువున్న సిమెంటు దిమ్మ 6 పౌండ్లు కూడా తూగదు. ఆ పని జరగాలంటే 16 పౌండ్ల దిమ్మ కావాలి. దాని పరిమాణం పెద్దది కనుక ప్రవాహం ఇంకా గట్టిగా తోస్తుంది.

దింపేటప్పుడు బోటు నెమ్మదిగా ముందుకు కదులుతూనే ఉండాలి. ముందు ఎర, తర్వాత లీడరు పూర్తిగా సాగాక సీసం తగిలించి, రీలులో దారం చుట్టిన స్పూలు మీద వేలు ఆనించి వదలాలి. ఒక్కసారిగా వదిలేస్తే సీసం ఎరను దాటి దిగుతుంది, లీడరు బ్రెయిడ్‌కు చుట్టుకుంటుంది. పైనుంచి ఏమీ తెలియదు, గంటసేపు చిక్కుముడితో వేటాడుతూ ఉంటారు. దారం సడలితే సీసం నేల తాకినట్టు. అప్పుడు బోటును వెనక్కి తిప్పి దారాన్ని నిటారు చేసి, 50 నుంచి 100 అడుగులు పైకి చుట్టాలి. లోతు మారుతూ ఉంటుంది, మధ్యమధ్య నేలను మళ్లీ తాకించి చూసుకోవాలి.

చేప తగిలినప్పుడు రాడ్ విరిగేలా వంగుతుందనుకోకండి. అలల లయకు ఊగుతున్న రాడ్ కొస ఒక్క క్షణం లయ తప్పుతుంది. అప్పుడే చుట్టేయకుండా 30, 40 అడుగులు వదిలితే ఎర దెబ్బతిని పడిపోతున్నట్టు కనిపిస్తుంది. మళ్లీ తగిలితే చుట్టడం మొదలుపెట్టి, బోటును ముందుకు నడపాలి. అంత పొడవు దారం మీద రాడ్ ఎగరేస్తే గాలం దగ్గర చలనమే ఉండదు. కొస హఠాత్తుగా తేలికైతే చేప సీసాన్ని కూడా మోసుకుని పైకి ఈదుతోందన్నమాట. ఎలక్ట్రిక్ రీలు నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. చేతి రీలుతో ఆ సడలు లాగేసరికి చేతులు పడిపోతాయి. అయితే మోటారు రీలుతో పట్టింది ఐజీఎఫ్ఏ (గాలం వేటలో ప్రపంచ రికార్డులు నమోదు చేసే సంస్థ) రికార్డుకు పనికిరాదు.

ఎక్కువ చేపలు పోయేది సీసం విప్పేటప్పుడు. సీసం పైకొచ్చిందంటే చేప ఇంకా లీడరు పొడవంత దూరంలో ఉందని. ఫొటో కోసం బోటు ఆపితే దారం సడలుతుంది, మెత్తటి నోట్లో అప్పటికే వెడల్పైన కంతలోంచి గాలం జారుతుంది. బోటు ముందుకు పోతూనే ఉండాలి, ఒకరు క్లిప్ విప్పి సీసాన్ని నేరుగా డెక్ మీద పెట్టాలి. దగ్గరికొచ్చాక ముందు హార్పూన్, తర్వాతే కొక్కెం. కత్తి వైపు ఎవరూ వంగకూడదు.

చివరిది కచ్చితంగా సవరించాల్సింది. 47 అంగుళాల చేప ఉంచుకోవచ్చని రాసి, బొమ్మలో కొలతను కత్తి మొన నుంచి చూపించారు. అమెరికా నిబంధనలో కొలత కింది దవడ కొస నుంచి తోక చీలిక దాకా, తిన్నగా. మీ బొమ్మ ప్రకారం కొలిచి ఉంచుకున్న చేప పిల్లచేప, ఆ బోటు యజమాని జరిమానా కట్టాల్సి వస్తుంది. బోటుకు హెచ్ఎంఎస్ యాంగ్లింగ్ పర్మిట్ (దూరాలు వలసపోయే చేపలను సరదాకి వేటాడేందుకు ఇచ్చేది) ఉండాలి, ఒడ్డుకు తెచ్చిన ప్రతి కత్తిచేపనూ 24 గంటల్లో నమోదు చేయాలి, ఆ పర్మిట్ మీద పట్టినదాన్ని అమ్మకూడదు. వచ్చే ఆదివారం బొమ్మ సరిచేసి వేయగలరు.

— కొందరు పాఠకులు, ఫ్లోరిడా