సొసైటీకి కంప్యూటర్ వచ్చింది, పెద్ద పుస్తకం పోలేదు

సంపాదకుడి గారికి నమస్కారం.

మార్చి 29న మా ఊరి సహకార సొసైటీలో సార్వా (ఖరీఫ్) పంట రుణం అణా పైసలతో సహా కట్టేశాను. గుమాస్తా చేతిరాత రశీదు ఇచ్చి ముద్ర వేశాడు. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలాక కొత్త అప్పు కోసం వెళితే, ‘మీరు గడువు దాటాక కట్టారండి’ అన్నాడు. రశీదు చూపించాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘రశీదు సరైనదే. కంప్యూటర్‌లో మాత్రం ఏప్రిల్ 2న ఎక్కింది’ అన్నాడు. వెనక తేదీతో ఎక్కించడానికి యంత్రం ఒప్పుకోదట.

పంట రుణంపై ఏడు శాతం వడ్డీలో, గడువులోగా కట్టినవారికి కేంద్రం మూడు శాతం రాయితీ ఇస్తుంది. నా లక్షా అరవై వేల అప్పు మీద అది ఏడాదికి 4,800 రూపాయలు. పోయిన డబ్బు కోసం అర్జీ ఇచ్చాను. తీసుకున్నారు, నంబరు కూడా వేశారు. ఇన్‌వర్డ్ పుస్తకంలో, చేత్తో.

ఇది నా ఒక్కడి గొడవే అయితే మీ పత్రికలో చోటు అడిగేవాణ్ని కాదు. 2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం దేశంలోని 63 వేల ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాల, అంటే మా సొసైటీ లాంటివాటి, కంప్యూటరీకరణకు 2,516 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు ద్వారా అందరికీ ఉమ్మడి సాఫ్ట్‌వేర్ ఇస్తున్నారు. మంచి పని. కాని ఆ కంప్యూటర్ మా సొసైటీలో ఏం చేస్తోందో దగ్గరగా చూసినవాణ్ని నేను.

గుమాస్తా పగలంతా పెద్ద పుస్తకంలో రాస్తాడు. సాయంత్రం తీరిక దొరికితే అదే పుస్తకం ముందు పెట్టుకుని, ఒక్కో అంకె మీద వేలు పెట్టి, కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాడు. ఎరువుల లారీ వచ్చిన రోజు ఆ తీరిక దొరకదు. ఆ రోజుకు డే ఎండ్, అంటే కంప్యూటర్‌లో రోజు లెక్క ముగింపు, కాదు, పని మర్నాటికి పేరుకుంటుంది. పాస్‌వర్డు బల్ల మీద అద్దం కింద చీటీలో ఉంది, నాకే కనిపించింది. శిక్షణకు పంపింది ఇంకో ఏడాదిలో పదవీ విరమణ చేయబోయే పెద్దాయనను. రెండు రోజుల శిక్షణ, భోజనం బాగుందని ఆయనే చెప్పారు. నెట్ సరిగా రాదని ఒక సాకు చెబుతారు. ఇదే ఊళ్లో రొయ్యల రైతు చెరువు గట్టు మీద నుంచే ఫోనులో మేత ధర కనుక్కుంటున్నాడు.

నేను బ్యాంకులో ముప్పై ఏళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ని. రిజర్వు బ్యాంకు వేసిన రంగరాజన్ కమిటీ 1984లోనే సిఫార్సులు చేసినా, బ్యాంకుల్లో కంప్యూటర్లు ఊపందుకున్నది యూనియన్లతో 1993లో ఒప్పందం కుదిరాకే. అంతకు ముందు కంప్యూటర్లు వద్దని మేమూ జెండాలు పట్టుకున్నాం. లెడ్జర్లు తేల్చే రోజు వస్తే పది పైసల తేడా కోసం రాత్రి పది దాకా కూర్చునేవాళ్లం. ఆ చాకిరీ తప్పుతుందని తెలిశాక, జెండా పట్టినవాళ్లే ముందుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మాకు ఒక పని తగ్గింది. సొసైటీ గుమాస్తాకు ఒక పని రెండయింది, జీతం మాత్రం పెరగలేదు. అతన్ని నేనేమీ అనను.

ఇంకో సంగతి ఉంది, అది ఎవరూ పైకి అనరు. కొన్ని సొసైటీల్లో రూపాయి చేతులు మారకుండానే పాత అప్పు తీరినట్టూ కొత్త అప్పు ఇచ్చినట్టూ రాసే పుస్తక సర్దుబాట్లు ఉంటాయి. చనిపోయిన సభ్యుల పేర్లు, రెండు రకాలుగా రాసిన ఒకే ఇంటిపేరు, మొదటి నుంచీ కలవని నిల్వలు ఉంటాయి. అవన్నీ తెర మీదికి ఎక్కితే దాచడం కష్టం. అలాంటి చోట పుస్తకం అంత తేలిగ్గా మూతపడదు. ‘సిబ్బందికి రాదు’ అనే మాట వెనక ‘పెద్దలకు ఇష్టం లేదు’ అనేది ఎంత ఉందో సహకార శాఖ తేల్చాలి.

కాలువకు అవతలి ఒడ్డున ఇంకో సొసైటీ ఉంది. అదే సాఫ్ట్‌వేర్, అవే కరెంటు కోతలు. అక్కడి సెక్రటరీ మూడు నెలలు రెండు లెక్కలూ పోల్చి చూసి, ఒక సోమవారం చేతి రశీదు పుస్తకాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు. తెరను రైతు వైపు తిప్పి పెట్టించారు. కట్టిన రైతు తన బాకీ సున్నా అయ్యేదాకా అక్కడే నిలబడి చూసి, అచ్చయిన రశీదు మడిచి జేబులో పెట్టుకుని వెళతాడు. ఇద్దరికి పని నేర్పారు, ఒకరు సెలవు పెడితే రెండోవారు కూర్చుంటారు. మన ప్రాంతానికి ఇది కొత్తా కాదు. 2002లోనే పశ్చిమ గోదావరి జిల్లాలో గ్రామీణ ఈ-సేవ కేంద్రాలను స్వయం సహాయక సంఘాల మహిళల చేతికిచ్చారు.

‘కంప్యూటర్‌లో అలా ఉంది’ అనే మాట ఎంత దూరం పోతుందో బ్రిటన్ తపాలా వ్యవస్థ చూపించింది. అక్కడ 1999 నుంచి వాడిన హొరైజన్ అనే లెక్కల వ్యవస్థలో లేని లోట్లు కనిపించాయి. చిన్న తపాలా కార్యాలయాలు నడిపేవారిలో 900 మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కల వంటి నేరాల కింద శిక్ష పడింది. యంత్రం తప్పు చెప్పదని పైవాళ్లు భీష్మించుకోవడమే అసలు నేరం. వారి శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేసే చట్టం 2024లో గాని రాలేదు.

సహకార శాఖ అధికారులను నేను కోరేది ఇంతే. రశీదు మీది తేదీనే కట్టిన తేదీగా లెక్కించాలని ఉత్తర్వు ఇవ్వండి. ఫలానా రోజు నుంచి చేతి రశీదు చెల్లదని ప్రతి సొసైటీ గోడ మీద రాయించండి. శిక్షణ జిల్లా కేంద్రంలో కాకుండా గుమాస్తా కూర్చునే బల్ల దగ్గరే, బాకీలు కట్టే రద్దీ రోజుల్లో ఇప్పించండి. పాత నిల్వలను సభ్యులందరి మహాజన సభ పెట్టి పేరుపేరునా చదివించండి. దాళ్వా (రబీ) అప్పుల గడువు జూన్ 30. ఇప్పుడు కట్టే రైతుల డబ్బయినా కట్టిన రోజునే ఎక్కేలా చూడండి.

ఇట్లు,
విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, రైతు
కోనసీమ